మడమకి రెండు వేళ్ళ సందు

కొయాయ్‌కే,
6 జనవరి 2004

ప్రియమైన తమ్ముడు రోసమెల్‌కి,

నువ్వు పంపిన జున్ను అందింది. ఒక మూల కొరికేసి ఉంది. బస్సు డ్రైవరు ఒమార్‌ని అడిగితే "ఎలుకలమ్మా, బస్సునిండా ఎలుకలే" అన్నాడు. ఆ ఎలుకకి మీసాలున్నాయని, మీసాలకి జున్ను అంటుకుని ఉందని నేను చెప్పలేదు. పాపం, మన ఉత్తరాలు మోసేది అతనే కదా.

బడి వంటింట్లో నా ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగం డిసెంబరులో అయిపోయింది. సభ పెట్టి, పాట పాడి, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఇక పొద్దున్నే లేవక్కర్లేని మనిషికి గడియారం! దాన్ని పక్కింటి ఒతీలియాకి ఇచ్చేశాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. నేను సైకిల్ కొన్నాను. దూరాలు తిరిగే సైకిల్, ఇనుప చట్రం, వెనక క్యారియర్ కూడా ఉంది. హాలెండు నుంచి ఒక పిల్ల దక్షిణాన రోడ్డు ఆఖరు దాకా పోదామని వచ్చి, ఇబాన్యెస్ దిగుడులో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంటికి పోతూ దీన్ని అమ్మేసింది. రెండు నెలలుగా రోజూ తొక్కుతున్నాను. మార్చి ఒకటిన బయల్దేరి నీ గుమ్మం దాకా వస్తాను. ఐదు వందల అరవై కిలోమీటర్లు. నవ్వకు.

ఎందుకో నీకు తెలుసు. నలభై ఆరేళ్ళ కిందట నాన్న అదే దారిన గుర్రాలతో ఉన్ని మూటలు వేసుకుని వెళ్ళాడు. అప్పటికి రోడ్డు లేదు. నాకు పద్నాలుగు, నీకు పన్నెండు. ఎక్కడానికి మిగిలింది ఒక్క గుర్రం, అది నాకే అన్నాడు నాన్న. నా పాదాలకి సరిపడే ఆడపిల్లల బూట్లు ఏ కొట్లోనూ దొరకవని సరిహద్దు అవతల అర్జెంటీనాలో ప్రత్యేకంగా కుట్టించి తెచ్చాడు. తీరా బయల్దేరే పొద్దున చూస్తే బూట్లు లేవు. కోళ్ళ గూడు దాకా వెతికాం. "బూట్లే కాపాడుకోలేనిది గుర్రాన్నేం కాపాడుతుంది" అని నాన్న నిన్ను ఆ గుర్రమెక్కించి తీసుకుపోయాడు. నువ్వు అక్కడే ఉండిపోయి గుర్రపు జీన్లు కుట్టడం నేర్చుకున్నావు. నేను బంగాళాదుంపల చెక్కు తీశాను. ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఏ వస్తువు కనబడకపోయినా "ఎర్సీరా బూట్లలా పోయిందిరా" అంటారు. మొన్న మన పెద్దమ్మ మునిమనవరాలు కూడా అంది. దానికి ఏడేళ్ళు.

నిన్నేమీ అనడం లేదు. నువ్వు చిన్నవాడివి. ఆ దారి ఒక్కసారి నా కాళ్ళ మీద దాటాలి, అంతే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ దాటలేను.

దానికి క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడే జత సంచులు కావాలి. ఇక్కడి కొట్లో అమ్మేవి సంతకి పోయే సంచులు, ముడతల రేకులా గతుకులు తేలిన ఆ రేకుల రోడ్డు మీద ఒక్కరోజు కూడా ఆగవు. నువ్వు కుట్టి పంపు. రిపేరు షాపు లౌతారో "ముఖ్యంగా మడమ చూసుకోవాలమ్మా, పెడల్ వెనక్కి తిరిగినప్పుడు మడమ సంచికి కొట్టుకోకూడదు" అన్నాడు. అందుకని క్యారియర్ కొలతలూ, పెడల్ నుంచి క్యారియర్‌కి ఎంత దూరమో, నా పాదం గీసిన కాగితమూ ఇందులో పెట్టాను.

నీ అక్క,
ఎర్సీరా


ఒహిగిన్స్,
18 జనవరి

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీకు మతి పోయిందని ఇక్కడ అందరికీ చెప్పాను. అందరూ సంతోషించారు. పోలీసు కార్పొరల్ అయితే నువ్వెప్పుడొస్తావో గోడ మీద రాసి పెట్టుకుంటానన్నాడు.

సంచులు కుట్టాను, ఒమార్ చేతికిచ్చి పంపుతున్నాను. అడుగున ఆవుతోలు, పక్కలు కొవ్వు పట్టించిన కేన్వాసు. మూత మీద రెండు బెల్టులు. వాన లోపలికి రాదు. వస్తే నా పేరు మార్చెయ్.

కట్టే పద్ధతి నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. బరువు ఎప్పుడూ ముందుకి ఉండాలి. మూటల గుర్రం పిల్చేరో మీద మూట వేసేటప్పుడు నాన్న దాని భుజం మీద చెయ్యి పెట్టి, మూట చేతికి తగిలే దాకా ముందుకు లాగేవాడు. వెనక్కి జారితే గుర్రం నడుము పోతుంది. అందుకని నీ సంచులు క్యారియర్ మొదట్లోకి, నీ సీటు కిందికి వచ్చేలా కొక్కేలు పెట్టాను. ఒక్క వేలు కూడా వెనక్కి జరపకు.

నువ్వు గీసి పంపిన పాదం చూశాను. నువ్వు ఎలా పంపావో అలాగే కొలుచుకున్నాను.

బూట్ల సంగతి ఇప్పుడెందుకు. పాత మాటలు. దారిలో ఏం బూట్లు వేసుకుంటావో మాత్రం రాయి.

నీ తమ్ముడు,
రోసమెల్


కొయాయ్‌కే,
30 జనవరి

తమ్ముడూ,

సంచులు చూసి వీధి వీధంతా వచ్చింది. ఒతీలియా ముక్కు పెట్టి వాసన చూసి, "ఇలాంటి తోలు నా పెళ్ళిలో కూడా లేదే" అంది. నిజంగా అందంగా ఉన్నాయిరా. నీ చేతిపని చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి.

తర్వాత సైకిలెక్కాను.

టప్. మొదటి తిప్పుకే కుడి మడమ సంచికి కొట్టుకుంది. టప్, ఎడమది. అలా టప్‌టప్‌మంటూ బడి దాకా వెళ్ళాను. వంటింటి పిల్లలు కిటికీలోంచి చప్పట్లు కొట్టారు, నేనేదో పాటకి తాళం వేస్తున్నానని. అదే పొగరుతో వంపు తిరగబోతే మడమ సంచి మూలకి ఇరుక్కుని పెడల్ ఆగిపోయింది, నేను ఆగలేదు. ఇసుక కుప్ప ఉండబట్టి బతికాను. మోచెయ్యి చీరుకుంది.

మడమ తగలకుండా ఉండాలని పాదాన్ని పెడల్ మీద ముందుకి తోసి, పాదం నడిమి భాగంతో తొక్కి చూశాను. మడమ తగల్లేదు కానీ సాయంత్రానికి మోకాళ్ళు పట్టేశాయి. మోకాలు మొయ్యకూడని బరువు మోస్తోందని లౌతారో అంటాడు. సంచులు కాస్త వెనక్కి జరుపుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు, నువ్వు ఒక్క వేలు కూడా వద్దన్నావుగా.

నీ సంచిలో తప్పు ఉందని నేననను. కానీ తగులుతోంది. ఏం చేస్తావో నాకు తెలియదు. రోడ్డుకి అలవాటు పడాలని వచ్చే ఆదివారం వీటితోనే సెర్రో కస్తీయో దాకా వెళ్ళి వద్దామనుకుంటున్నాను. తన్నుకుంటూ అయినా సరే.

బూట్లా? ఉన్నాయి, మగవాళ్ళ తోలు బూట్లు. ఆడవాళ్ళవి నాకెప్పుడు దొరికాయి గనుక.

మోచేతికి కట్టు కట్టుకుని రాస్తున్న
నీ అక్క ఎర్సీరా


కొయాయ్‌కే,
8 ఫిబ్రవరి

ఒరేయ్ రోసమెల్,

ప్రియమైన అని రాయను. ఇవాళ నువ్వు నాకు ప్రియం కాదు.

శనివారం మధ్యాహ్నం నేను సూపు కాస్తున్నాను. రేడియోలో పల్లెలకి కబుర్లు చదువుతున్నారు. ఫలానా వాడి ఆవు ఈనింది, ఫలానా ఆవిడ కోడలిని ఏటి రేవు దగ్గర గుర్రంతో కలుసుకోండి, ఇలాంటివి. అంతలో ఆ చదివేవాడు గొంతు సవరించుకుని ఇలా అన్నాడు:

"కొయాయ్‌కేలో ఉంటున్న ఎర్సీరా బార్రియా గారికి తమ్ముడు రోసమెల్ తెలియజేయునది. నీ పాదం ఇరవై ఏడు సెంటీమీటర్లు, ఇరవై నాలుగు కాదు. మడమ అందుకే తగులుతోంది. ఆదివారం బయల్దేరకు. సంచులు తిప్పి పంపు."

రెండుసార్లు చదివాడు! సరిగ్గా వినపడని వాళ్ళ కోసమట!

ఒరేయ్, సరిహద్దు నుంచి సముద్రం దాకా ఆ కబుర్లు వినని ఇల్లుందా? మర్నాడు చర్చిలో అందరూ నా మొహం మానేసి నా కాళ్ళ వంక చూశారు. కసాయి కొట్టు ఆయన "అమ్మా, ఇరవై ఏడంటే నా కొలతేనండీ" అని తన బూటు ఎత్తి చూపించాడు. చిన్నప్పుడు నువ్వు నన్ను "పడవకాళ్ళ పిల్లా" అని ఏడిపించేవాడివి, గుర్తుందా? అప్పుడు మన పెరట్లో ఏడిపించావు. ఇప్పుడు దేశమంతటికీ చాటింపు వేశావు.

సరే. తప్పు ఒప్పుకుంటాను. ఆ కాగితం మీద గీసిన పాదం నాది కాదు, ఒతీలియాది. కాగితం నేల మీద పరిచి నా కాలు పెట్టాను, వేళ్ళు కాగితం దాటి బయటికొచ్చాయి. ఆ బొమ్మ నువ్వు చూసి నవ్వుతావని సిగ్గేసింది. అరవై ఏళ్ళ మనిషికి సిగ్గేమిటని అడగకు, వేసింది. ఒతీలియాని పిలిచి "కాస్త కాలు పెట్టవే" అన్నాను. నా పొగరుకి నా మోచెయ్యి చీరుకుంది, సరిపోయింది.

కానీ ఒకటి చెప్పు. నన్ను నువ్వు చూసి పదకొండేళ్ళయింది. అప్పుడు కూడా నా కాలు కొలవలేదు. ఇరవై ఏడని అంత కచ్చితంగా ఎలా చెప్పావు? నిన్న నేనే కొలుచుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు.

సంచులు ఒమార్‌తో పంపాను. ఇంకా మూడు వారాలే ఉంది.

ఎర్సీరా


ఒహిగిన్స్,
16 ఫిబ్రవరి

ప్రియమైన అక్కా,

తిట్టు, పడతాను. ఉత్తరం ఆదివారం లోపు చేరదు. సెర్రో కస్తీయో మలుపుల్లో మడమ ఇరుక్కుంటే అక్కడ ఇసుక కుప్పలుండవు. అందుకే వాకిట్లో ఉన్న గుర్రమెక్కి ఊళ్ళోకి పోయి రేడియోకి కబురిచ్చాను. రెండుసార్లు చదవమని మాత్రం నేను చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు విను. పాదం ఒక్కటే కాదు. నీ పాదం నిజంగా ఇరవై నాలుగే అయినా ఆ సంచులు తగిలేవి.

కార్పొరల్‌ని అడిగి అతని సైకిల్ తెచ్చాను. నా కొట్లో జీన్లు ఆనించే చెక్క గుర్రాల మీదికెత్తి కట్టాను. లెంగా చెక్కతో ఇరవై ఏడు సెంటీమీటర్ల పాదం చెక్కి, దానికి నా పాత బూటు తొడిగి పెడల్‌కి బిగించాను. సంచులు వేలాడదీసి చేత్తో తిప్పాను. చెక్క మడమ సంచిని గుద్దింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ గుద్దింది. ఒక మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చుని మాతే టీ తాగాను. అప్పటికి గాని బుర్రకెక్కలేదు. పిల్చేరో మూటలు మోసే గుర్రం. దాని మీద మనిషి ఎక్కడు. మనిషే లేనప్పుడు కాళ్ళెక్కడివి? నేను నలభై ఆరేళ్ళుగా కాళ్ళు లేని బరువులకి సంచులు కుడుతున్నానే అక్కా! కార్పొరల్‌కి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

సంచులు మార్చాను. ఏం చేశానంటే, కొక్కేలు జరిపి సంచి నాలుగు వేళ్ళు వెనక్కి పోయేలా పెట్టాను. అప్పటికీ బూటు అంచు గీసుకుంటోంది. ఇంకా వెనక్కి లాగితే ఎక్కుడులో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, గుర్రం ముందుకాళ్ళెత్తినట్టు. కార్పొరల్ తొక్కి చూశాడు, నడుం మీద పడ్డాడు. కాబట్టి సంచి కింది ముందు మూలని ఏటవాలుగా కోసేశాను. తోలు కొయ్యడానికి చెయ్యాడలేదు, కానీ కోశాను. మడమ తిరిగేది సరిగ్గా ఆ మూలలోనే. బరువైన సామాను అడుగున, ముందు వైపుకి పెట్టు. బట్టలు పైన. చువ్వల్లోకి ఊగకుండా కింద ఒక తోలు పటకా వేశాను, దాన్ని చట్రానికి బిగించు.

వచ్చాక ఇలా చూసుకో. దారిలో వేసుకునే బూట్లే వేసుకో, చెప్పులు కాదు. పాదం ముందు భాగం పెడల్ మీద పెట్టు. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పు. మడమ బాగా వెనక్కి వచ్చిన చోట ఆపు. మడమకీ సంచికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. ఒకటి దూరితే చాలదు, అలిసిపోయినప్పుడు కాలు జారుతుంది. మూడు అక్కర్లేదు.

ఇరవై ఏడు ఎలా తెలిసిందంటావా. పనివాడి కన్ను, అంతే అనుకో.

రోసమెల్


కొయాయ్‌కే,
25 ఫిబ్రవరి

నా బంగారు తమ్ముడికి,

రెండు వేళ్ళు! సరిగ్గా రెండు వేళ్ళు దూరాయిరా! లౌతారో సైకిల్ పట్టుకున్నాడు, ఒతీలియా నేల మీద బోర్లా పడుకుని వేళ్ళు పెట్టి చూసింది. ఎడమ పక్క రెండు, కుడి పక్క రెండు. లౌతారో తన వేళ్ళు పెట్టబోతే "నీవి లావు, నువ్వు తప్పుకో" అని కసిరింది. తన పాదమే మోసం చేసింది కాబట్టి తన వేళ్ళే సాక్ష్యం చెప్పాలట.

నిన్న నిండా సామాను వేసుకుని నలభై కిలోమీటర్లు తొక్కాను. టప్ లేదు, గిప్ లేదు. ఎక్కుడులో ముందు చక్రం నేలనే ఉంది. బడి ముందు నుంచి కావాలనే రెండుసార్లు వెళ్ళాను. తాళం లేదేమని పిల్లలు నిరాశపడ్డారు.

సోమవారం పొద్దున బయల్దేరుతున్నాను. ఈసారి బూట్లు తలగడ కింద పెట్టుకుని పడుకుంటానని ఒతీలియాతో అంటే నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పొద్దు ఇప్పటికీ కలలోకి వస్తుందిరా. నేను ఎక్కడో పెట్టి మర్చిపోయాను, ఎక్కడ పెట్టానో చచ్చినా గుర్తు రాదు, నాన్న గుర్రం మీద కూర్చుని చూస్తుంటాడు. నాన్న ఆఖరు రోజుల్లో కూడా "పోనీలే ఎర్సీరా, అప్పుడు చిన్నదానివి" అన్నాడు. అంటే నేనే పోగొట్టానని ఆయన చివరి దాకా నమ్మాడన్నమాట.

సరే, ఏడుపు మాటలొద్దు. కోక్రన్ చేరాక రాస్తాను. మాతేకి నీళ్ళు పెట్టి ఉంచు.

నీ అక్క,
ఎర్సీరా


కోక్రన్,
11 మార్చి

తమ్ముడూ,

కోక్రన్ చేరాను! కాళ్ళు నావి కావు, వీపు నాది కాదు, మడమలు మాత్రం నావే. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా సంచికి తగల్లేదు.

సెర్రో కస్తీయోలో మంచు వాన పడింది. సంచుల్లోకి చుక్క నీళ్ళు రాలేదు, నీ పేరు అలాగే ఉంచుకో. ఇబాన్యెస్ దిగుడులో, ఆ హాలెండు పిల్ల పడ్డ చోట, దిగి మర్యాదగా నడిపించుకుపోయాను. ఆ తర్వాత రేకుల రోడ్డు. పళ్ళు ఊడిపోతాయేమో అనిపించింది, కానీ కొక్కెం కదలలేదు.

ఇంకో వింత చెప్పనా? నీ రేడియో కబురు విననివాడు ఈ దారిలో లేడు. లారీ వాళ్ళు ఆపి "మీరేనా ఇరవై ఏడు సెంటీమీటర్లు? మడమెలా ఉందమ్మా?" అని అడుగుతున్నారు. ట్రాంకీలో ఊరి దగ్గర ఒక ముసలావిడ నన్ను ఇంట్లోకి లాక్కుపోయి మటన్ పెట్టి, తన కాలు నా కాలి పక్కన పెట్టి చూసుకుంది. ఆవిడవీ పెద్ద పాదాలే. "నా జన్మలో మొదటిసారి ఇంకోదాన్ని చూస్తున్నానే తల్లీ" అని నన్ను వాటేసుకుంది. మర్నాడు ఆవిడా, ఇద్దరు కూతుళ్ళూ రోడ్డు మీదికి వచ్చి, నేను మలుపు తిరిగే దాకా చేతులూపారు. నా పాదాల గురించి సిగ్గు పడటం ఎక్కడో ఆ దారిలోనే మానేశాను, ఏ ఊళ్ళోనో గుర్తు లేదు.

రేపు ఇక్కడే ఉండి ఎల్లుండి దక్షిణానికి. మంగళవారానికి యుంగాయ్ రేవులో బార్జి ఎక్కుతాను. ఆ పైన వంద కిలోమీటర్లు, తర్వాత నువ్వు. రేవులో బార్జి వాళ్ళ దగ్గర ఏదైనా కబురుంటే పెట్టు.

నీ అక్క,
ఎర్సీరా


ఒహిగిన్స్,
13 మార్చి
(యుంగాయ్ రేవులో, బార్జి మీద పనిచేసే దాన్ లీనో చేతికి, ఎర్సీరా బార్రియాకి అందజేయవలెను)

అక్కా,

నువ్వు వచ్చాక మొహం చూసి చెబుదామనుకున్నాను. చెప్పలేనని తెలిసింది. అందుకే ముందే రాస్తున్నాను.

ఇరవై ఏడు నాకు కంటితో తెలియలేదు. నీ బూట్లు పెట్టి కొలిచాను. అర్జెంటీనాలో నాన్న కుట్టించినవి. నా దగ్గరే ఉన్నాయి.

నువ్వు పోగొట్టుకోలేదు. నేను తీశాను. ఆ పొద్దున మీరందరూ లేవకముందే నీ మంచం పక్కనుంచి తీసి, పిల్చేరో మూటలో ఉన్ని కింద అడుగున తోసేశాను. ఒక్క గుర్రమే ఉంది, నువ్వు పోతే నేను ఉండిపోవాలి. నాకు పన్నెండేళ్ళు. నేను వెళ్ళాలి, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. మీరు ఇల్లంతా వెతికారు, కట్టిన మూట ఎవరూ విప్పలేదు. అక్కా, నువ్వు లేకుండా నీ బూట్లు ఆ దారంతా వచ్చాయి. ప్రతి ఏరు దాటేటప్పుడూ అవి తడుస్తాయేమోనని భయపడేవాణ్ణి. ఇక్కడికి చేరాక జీన్ల మేస్త్రి కొట్లో దాచాను. ఆ మేస్త్రి దగ్గరే పని నేర్చుకున్నాను. నా వృత్తి, నా తిండి, నా బతుకు అంతా ఆ గుర్రం మీద వచ్చిందే. అది నీ గుర్రం.

ఏటేటా వాటికి కొవ్వు రాస్తూనే ఉన్నాను. ఎందుకో తెలియదు. పారెయ్యలేకపోయాను.

నువ్వు తలగడ కింద బూట్లు పెట్టుకుంటానని రాసిన ఉత్తరం చదివి మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాన్నకి కూడా చెప్పలేదు. ఆయన నీ మీదే తప్పుందనుకుని పోయాడు. దాన్ని నేనింక సరిచెయ్యలేను.

నువ్వు ఆ రేవు నుంచే వెనక్కి పోవాలనుకుంటే గురువారం ఒమార్ బస్సు కోక్రన్‌కి తిరిగి వెళ్తుంది. సైకిల్ పైన వేసుకుంటాడు. నేనేమీ అనుకోను. అనుకునే హక్కు నాకు లేదు.

రోసమెల్


యుంగాయ్ రేవు,
16 మార్చి

రోసమెల్,

నీ ఉత్తరం రేవు మీద బండరాయి మీద కూర్చుని చదివాను. చదివి లేచి పెద్దగా అరిచాను. దాన్ లీనో పరిగెత్తుకొచ్చి "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అన్నాడు. "ఇంకా పోలేదు, శనివారం పోతాడు" అన్నాను.

సంచులు ఊడదీసి నీళ్ళలోకి విసిరేద్దామని కొక్కెం మీద చెయ్యి వేశాను. "పారేసేదైతే నాకిచ్చెయ్యండమ్మా, ఆ మూల కోసిన పనితనం చూడండి ఎంత బాగుందో" అన్నాడాయన. నీ మీద పీకల దాకా కోపంతో ఉన్నదాన్ని, నీ పనితనం పొగిడితే "అది మా తమ్ముడు కుట్టింది" అని నా నోటినుంచే వచ్చింది. వచ్చాక ఇంకా ఒళ్ళు మండింది.

నాకు కోపం ఉంది, ఉంటుంది. నలభై ఆరేళ్ళు నేను అజాగ్రత్త మనిషినని నమ్మానురా. తాళం చెవి కోసం వెతుక్కున్నా, కత్తిపీట కనపడకపోయినా, "నువ్వింతేనే ఎర్సీరా" అని నన్ను నేనే తిట్టుకున్నాను. పెళ్ళికి ఒకడు అడిగితే, ఇంత పెద్ద సంసారం నేనేం నిలుపుకుంటానని వద్దన్నాను. నీకు ఇది తెలియదు, ఇప్పుడు తెలుసుకో. నాన్నకి చెప్పకపోవడం మాత్రం నేను క్షమించను. నువ్వు కూడా అడగొద్దు.

కానీ ఇంకో సంగతి ఉంది. నేను పోగొట్టుకోలేదు! అరిచింది అదే. ఏడవలేదు, తిట్టలేదు. "నేను పోగొట్టుకోలేదు!" అని నీళ్ళకీ కొండలకీ వినబడేలా అరిచాను. దాన్ లీనోకి మొత్తం కథ చెప్పాను. ఆయనా టోపీ తీసి "పోగొట్టుకోలేదు!" అని నాతో పాటు అరిచాడు. బార్జి మీద లారీ వాళ్ళు హారన్ కొట్టారు, ఎందుకో తెలియకుండానే.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆ రోజు నాకు దక్కని దారిని నేను ఇప్పుడు దాటుతున్నాను. గుర్రం ఎవ్వరూ ఇవ్వలేదు. నా కాళ్ళతో, నీ సంచులతో. నువ్వు దొంగిలించిన దారే నీ చేత్తో కుట్టి నాకు తిరిగి పంపావు, అది నువ్వు అనుకుని చేశావో లేదో. బస్సు ఎక్కనురా. ఇంత దూరం వచ్చి నీ కోసం ఎందుకు ఆగుతాను? ఈ కోపం మీద ఆఖరి వంద కిలోమీటర్ల కొండలు గాల్లో తేలినట్టు ఎక్కేస్తాను, చూడు.

ఈ ఉత్తరం రేపు ఒమార్ నీకు చేర్చేసరికి నేను దారిలో ఉంటాను. దానితో పాటు ఇంకొకటి కూడా చేశాను. బార్జి వాళ్ళ వైర్‌లెస్‌లో రేడియోకి ఒక కబురు ఇచ్చాను. గురువారం మధ్యాహ్నం చదువుతారు. రెండుసార్లు చదవమని నేనే చెప్పాను. ఇదీ ఆ కబురు:

"ఒహిగిన్స్‌లో ఉంటున్న శ్రీ రోసమెల్ బార్రియాకి అక్క ఎర్సీరా తెలియజేయునది. మడమ ఒక్కసారి కూడా తగల్లేదు. శనివారం మధ్యాహ్నం ఊరి వంతెన దగ్గర ఉంటాను. నా బూట్లు పట్టుకుని రా."

ఇక సరిహద్దు నుంచి సముద్రం దాకా అందరూ నిన్ను ఒకటే అడుగుతారు, ఏం బూట్లు అని. కార్పొరల్ అడుగుతాడు, ఒమార్ అడుగుతాడు, పెద్దమ్మ మునిమనవరాలు రేడియోలో కబురు పెట్టి మరీ అడుగుతుంది. అందరికీ నువ్వే, నీ నోటితోనే చెప్పు. ఒక్కొక్కరికీ చెప్పు. వంతెన దగ్గరికి వచ్చేసరికి చెప్పడం బాగా అలవాటై ఉండాలి నీకు.

బూట్లకి ఇంకోసారి కొవ్వు రాసి తీసుకురా. ఊళ్ళోకి వాటితోనే వస్తాను.

నీ అక్క,
ఎర్సీరా బార్రియా,
ఇరవై ఏడు సెంటీమీటర్లు